చెరువు కింద మాన్లు, గుట్ట వార మాన్లు: చేవ పట్టని ఒక ఎర్రచందనం తోట కథ

2023 ఫిబ్రవరి మొదటి వారంలో చంద్రగిరి పక్కనున్న ఒక పల్లె నుంచి రైతు ఫోన్ చేశాడు. "సార్, మాన్లు బాగా లావైనాయి. మొన్న గాలికి ఒకటి కూలితే రంపం పెట్టి కోసినాం. లోపల ఒక్క చుక్క ఎరుపు లేదు, అంతా తెల్లచెక్కే. నర్సరీవోళ్లు మాకు వేరే మొక్కేమన్నా అంటగట్టినారా?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. కూతురి పెళ్లి ఖర్చుకు ఆ తోట మీదే ఆశ పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

నేను తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివాను. ఇరవై ఏళ్లుగా పొలాల్లో చెట్ల పెంపకం మీద రైతులకు సలహాలివ్వడమే నా పని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పదేళ్లలో కోట్లు వస్తాయని ఎవరో చెబితే ఎర్రచందనం పెట్టినవాళ్లు మా వైపు ఊరికొకరు కనిపిస్తారు. మాను లావు చూసి ఏటా మురుస్తారు. కానీ ధర పలికేది చేవకే, అంటే మాను మధ్యలోని ఎర్రటి గట్టి చెక్కకే. అది కనపడక కోసిన రోజు గుండె జారిపోతుంది. అయితే ఈ తోటలో ఇంకెక్కడా దొరకనిది ఒకటి ఉంది. ఒకే నర్సరీ నుంచి ఒకే ట్రాక్టరులో వచ్చిన మొక్కలు రెండు వేర్వేరు నేలల్లో పదిహేనేళ్లు పెరిగాయి. ఈ కేసు మొత్తం రాయడానికి అదే కారణం.

పొలం

మొక్కలు 2008 వానాకాలంలో పెట్టారు. పెద్ద ముక్క చెరువు కింద, ఎకరా ఇరవై ఐదు సెంట్లు. అంతకుముందు అక్కడ వరి, తర్వాత చెరకు పండేది. ఒండ్రు కలిసిన మెత్తని నేల, గడ్డపార దించితే మూడడుగుల దాకా రాయి తగలదు. డ్రిప్ వేశారు. మొదటి మూడేళ్లు సాళ్ల మధ్య వేరుశనగ కూడా వేశారు. ఆ ఎరువు, ఆ నీళ్లు మొక్కలకూ అందాయి. తర్వాత ఏటా రెండుసార్లు యూరియా, ఎండాకాలం మూడు రోజులకోసారి డ్రిప్. బిడ్డను సాకినట్టు సాకారు.

చిన్న ముక్క గుట్ట వార, డెబ్బై ఐదు సెంట్లు. ఎర్ర గరప నేల, అడుగడుక్కీ బండ. మొక్కలు మిగిలిపోతే పారేయడం ఎందుకని అక్కడ పెట్టారు. మొదటి రెండు ఎండాకాలాలు రైతు భార్య బిందెలతో నీళ్లు మోసి పోసింది. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఎరువు సంగతి సరేసరి.

ఎర్రచందనం అసలు ఇల్లు ఎలాంటిదో తెలిస్తే ఈ రెండు ముక్కల్లో ఏది దానికి సొంత ఊరులా ఉంటుందో అర్థమవుతుంది. ప్రపంచం మొత్తంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమలలో కొంత భాగం. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ రాయి కూర్చున్న గీత కనిపిస్తుంది కదా, ఆ గీతకు పైనున్న రాతిలో చెట్టుకు తిండి చాలా తక్కువ. క్వార్ట్‌జైట్ అంటే గట్టిపడిన ఇసుకే. దాని మీద పేరుకున్న జానెడు మట్టిలో ఎర్రచందనం, తంబజాలారి, మొగి, తెల్లకరక కలిసి బతుకుతాయి. నైరుతి వానలు కొంచెం, అక్టోబరు, నవంబరు వానలు కొంచెం. జనవరి నుంచి మే దాకా వాన చాలా తక్కువ. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండు నెలలను దాటడానికే ఈ చెట్టు ఒళ్లంతా తయారైంది.

మొదటి రోజు చూసింది

తోటలో అడుగుపెట్టగానే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించింది మాను లావు కాదు, ఆకు. గుట్ట వార చెట్లన్నీ మోడులై ఉన్నాయి, కింద ఎండుటాకు చీలమండ దాకా ఉంది. చెరువు కింద చెట్లు మాత్రం సగం పైగా పచ్చగానే ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎర్రచందనం పచ్చగా ఉందంటే దానికి ఎండాకాలం వచ్చిందన్న కబురు ఇంకా అందలేదన్నమాట. ఆ రోజు నోటుబుక్కులో మొదట రాసుకున్న మాట ఇదే.

వేరే మొక్క అన్న అనుమానం ఐదు నిమిషాల్లో తీరిపోయింది. రెమ్మకు మూడేసి ఆకులు, మొసలి వీపులా చదరాలుగా పగిలిన నల్లటి బెరడు, చుట్టూ రెక్క ఉన్న బిళ్ల కాయలు. గోటితో గీరితే ఎర్రటి జిగురు. దీని అన్న వరస వేగిస చెట్టు కూడా మా కొండల్లోనే ఉంటుంది గానీ దానికి ఆకులు ఐదూ ఏడూ ఉంటాయి. "నర్సరీవోళ్లు మోసం చేయలేదన్నా, ఇది చందనమే" అంటే ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది. మోసం జరిగి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

తర్వాత చేవ చూడాలి. ఒక్కో చెట్టునూ కొట్టి చూడలేం. బోరర్ అని ఒక పరికరం ఉంది, బోలు బర్మా లాంటిది. మానుకు గుండె ఎత్తులో పెట్టి తిప్పితే పెన్సిలు కంటే సన్నటి పుల్ల ఒకటి బెరడు నుంచి నడి బెండు దాకా బయటికొస్తుంది. పట్టా భూమే అయినా ఎర్రచందనం కాబట్టి ముందు ఫారెస్టు వాళ్లకు చెప్పి, ఒక్కో ముక్కలో పన్నెండు మాన్లకు నంబర్లు వేసి తీశాం. చెరువు కింద బోరర్ సులువుగానే దిగింది. గుట్ట వార మాన్లకు ఇద్దరం మార్చుకుంటూ తిప్పాల్సి వచ్చింది. చెక్క గట్టిదనం అక్కడే భుజాలకు తెలిసింది. తీసిన రంధ్రాల్లో బూజు చేరకుండా బోర్డో పేస్టు నింపి వేపపుల్ల మేకులు కొట్టాం.

చుట్టుకొలతలు: చెరువు కింద సగటున 62 సెంటీమీటర్లు, గుట్ట వార 41. చేవ: చెరువు కింద పన్నెండింటిలో ఏడింటికి అసలు లేదు. నాలుగింటికి నడి బెండు చుట్టూ వేలి మందాన ఉంది. ఒక్కదానికి, ఏడో నంబరు మానుకు, మధ్య నుంచి నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంది. గుట్ట వార పన్నెండింటిలో పదింటికి రెండు నుంచి మూడున్నర సెంటీమీటర్లు, రెండింటికి లేదు. లావులో మూడింట రెండు వంతులున్న మాన్లలో చేవ ఎన్నో రెట్లు ఎక్కువ. ఇరవై నాలుగు చెట్లతో శాస్త్రం తేలదని నాకు తెలుసు. కానీ రైతు అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంత తేడా చాలు.

మంచం మీద అయోడిన్

పుల్లలన్నీ తెచ్చి వాళ్ల వసారాలో నులక మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి వరసగా పెట్టాం. మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. గంజి పదార్థం ఎక్కడుంటే అక్కడ అది నల్లబడుతుంది, అన్నం మెతుకు మీద వేసినట్టే. పిచికారీ సీసాతో ఒక్కో పుల్ల మీద సన్నగా కొట్టాను.

గుట్ట వార పుల్లలో బెరడు పక్కనున్న భాగం చూస్తుండగానే నీలి నలుపుకు తిరిగింది. లోపలికి వెళ్లేకొద్దీ ఆ నలుపు చుక్కలు చుక్కలుగా పలచబడింది. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్లు ఏ రంగూ లేని పాలిపోయిన గీత. ఆ గీత దాటగానే ఇటుక ఎరుపు. చెరువు కింద పుల్లను కొడితే బెరడు నుంచి నడి బెండు దాకా ఒకటే నలుపు, ఎక్కడా తెగలేదు. రైతు కొడుకు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "అంటే సార్, తిండంతా ఇంకా దాచుకోనే ఉందా ఇది?" అన్నాడు. సరిగ్గా అదే.

మాను చెక్కలో ఎక్కువ భాగం చచ్చిన గొట్టాలూ నారా. వాటి మధ్య బతికున్న కణాలు కొన్ని గీతలు గీతలుగా ఉంటాయి. ఆకు చేసిన చక్కెరను గంజిగా మార్చి అవి దాచిపెడతాయి. కొత్త చిగురుకు, పూతకు, గాయం మానడానికి అదే నిల్వ. చెట్టు లావెక్కేకొద్దీ నడి భాగంలోని గొట్టాల్లో నీళ్లు ఆగిపోయి గాలి చేరుతుంది. అప్పుడు అక్కడి బతికున్న కణాలు ఒక పెద్ద పని చేసి మరీ చనిపోతాయి. దాచిన గంజినంతా కరిగించి చక్కెర చేస్తాయి, ఆ చక్కెరతో రంగులూ విషాలూ తయారు చేసి చుట్టూ ఉన్న నారలోకి వదులుతాయి. మనం చేవ అని పిలిచేది దాన్నే. ఆ పాలిపోయిన గీత దగ్గర మనం చూసింది ఆ పని జరుగుతున్న చోటు.

ఆ తయారీ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. నాకు ఇష్టమైన భాగం ఇదే. మొదలు ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం, అది ప్రతి మొక్కలోనూ ఉంటుంది. పాల్ అనే ఎంజైము దానిలోంచి అమ్మోనియాను ఊడదీసి సినామిక్ ఆమ్లం చేస్తుంది. అక్కడి నుంచి రెండు మెట్లు దాటాక దారి చీలుతుంది. స్టిల్బీన్ సింథేజ్ అనే ఎంజైము పట్టుకుంటే రెస్వెరట్రాల్ తయారవుతుంది. దానికి రెండు మిథైల్ గుంపులు తగిలిస్తే టెరోస్టిల్బీన్. బూజుకు అది పడదు. ఆ పేరులో ఉన్న టెరో కూడా ఎర్రచందనం ప్రజాతి పేరు టెరోకార్పస్ నుంచి వచ్చిందే. అదే ముడిసరుకును చాల్కోన్ సింథేజ్ పట్టుకుంటే ఫ్లావనాయిడ్ల దారి, అందులోంచి చిక్కుడు కుటుంబపు మొక్కలకు ప్రత్యేకమైన ఐసోఫ్లావనాయిడ్లు. ఆ వంశంలోనివే శాంటాలిన్లు, అంటే మన ఎరుపు.

ఇదంతా నోటితో చెబితే నమ్మకం కుదరదు కాబట్టి గుట్ట వార పుల్ల నుంచి చాకుతో ఎర్ర పొట్టు గీరి రెండు గాజు గ్లాసుల్లో వేశాను. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో స్పిరిట్. పావుగంటైనా నీళ్లకు రంగు దిగలేదు. స్పిరిట్ మాత్రం నిమిషంలో నెత్తురులా అయింది. దాంట్లో రైతు భార్య తెచ్చిన సున్నపు తేట నాలుగు చుక్కలు వేస్తే ఊదా రంగుకు తిరిగింది. శాంటాలిన్ నీళ్లకు లొంగదు. వానకు తడిసినా కారిపోని ఎరుపు అది. వేగిస చెక్క వేసిన నీళ్లు ఎండలో పెడితే నీలి తళుకు వస్తుంది, షుగరు ఉన్నవాళ్లు ఆ గ్లాసులో నీళ్లు తాగడం మా వైపు తెలిసిందే. రెండు చెట్లూ ఒకే ప్రజాతి, ఒకే కొండ. అయినా వేగిస కాస్త తేమ ఉన్న లోయల వైపు, చందనం ఎండు బండల వైపు స్థిరపడ్డాయి. వాటి చేవలో రసాయనాల మేళవింపు కూడా వేరువేరుగానే స్థిరపడింది.

మరి చెరువు కింద ఎందుకు పట్టలేదు

ఊళ్లో అప్పటికే ఒక జవాబు తిరుగుతోంది: చందనానికి కష్టం పెడితేనే చేవ, నీళ్లు ఆపేస్తే అదే వస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం ప్రమాదకరం.

నిజం ఉన్న సగం ఇది. నేల ఎండినప్పుడు వేరు నుంచి, ఆకు నుంచి ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది ఆకు రంధ్రాల పక్కనున్న కణాల్లోంచి పొటాషియాన్ని, దాంతో పాటు నీటిని బయటికి పంపి రంధ్రాలు మూయిస్తుంది. కొన్ని వారాలకు ఆకులోని నత్రజనిని చెట్టు కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది, తొడిమ దగ్గర కణాలు విడిపోతాయి, ఆకు రాలుతుంది. ఎదుగుదల ఆగిపోతుంది. రొబీనియా అనే చెట్టులో, అది కూడా చిక్కుడు కుటుంబమే, చేవ తయారీని బాగా పరిశీలించారు. ఎదుగుదల ఆగే శరదృతువులోనే చేవ అంచున ఆ ఎంజైములు ఎక్కువగా పని చేస్తాయని తేలింది. లావెక్కే పని ఆగినప్పుడే చక్కెర లోపలి పనికి దొరుకుతుంది. చెరువు కింద మాన్లకు ఆ విరామమే దొరకలేదు. మూడు రోజులకోసారి నీళ్లు, ఏటా యూరియా. పన్నెండు నెలలూ వాటికి వానాకాలమే. కొత్త గొట్టాలు కట్టుకుంటూ పోయాయి. లోపలి గొట్టాల్లో కూడా నీళ్లు పారుతూనే ఉన్నాయి, కణాలు చావాల్సిన అవసరం రాలేదు.

ప్రమాదకరమైన సగానికి వస్తే, ఎండబెట్టడం ఒక్కటే చాలదు. మా జిల్లా వేరుశనగ రైతుకు ఇది చెప్పకుండానే తెలుసు. వేరుశనగ గింజ కూడా స్టిల్బీన్లు చేసుకుంటుంది, బూజు తగిలితే వాటితోనే ఎదుర్కొంటుంది. కానీ కోతకు ముందు నెల రోజులు వాన లేక కాయ లోపలే గింజ ఎండిపోతే ఆ తయారీ ఆగిపోతుంది, అస్పర్‌జిల్లస్ బూజు చొరబడి అఫ్లాటాక్సిన్ నింపుతుంది. రక్షణ రసాయనం తయారు కావాలంటే కణం బతికి ఉండాలి, దాని చేతిలో చక్కెర ఉండాలి. అందుకే గుట్ట వార చేవ పట్టడానికి కారణం కష్టం ఒక్కటే అని నేను అనను. వానాకాలంలో నిండుగా దాచుకోవడం, ఎండాకాలంలో పూర్తిగా ఆగిపోవడం, ఈ రెండూ ఏటా ఒకదాని వెంట ఒకటి రావడమే కారణమని నా అభిప్రాయం. గుట్ట వార మాన్ల బయటి చెక్కలో అయోడిన్ ఎంత నల్లబడిందో చూశాం. అవి పస్తులున్న చెట్లు కావు.

నీళ్ల గురించి ఇంకొకటి. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతిని ముంచిన వానలకు స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పుడు ఈ చెరువు కింద ముక్కలో పది రోజులు నీళ్లు నిలిచాయి. పల్లంలో ఉన్న నలభైకి పైగా చందనం మాన్లు తర్వాతి ఉగాదికి చిగురు వేయలేదు. నీట మునిగిన వేరుకు ఆక్సిజన్ ఉండదు. శ్వాస బదులు సారా కాసినట్టు పులియబెట్టుకుని బతకాలి. ఒక చక్కెర అణువు నుంచి మామూలుగా ముప్పై దాకా వచ్చే శక్తి రేణువులు రెండుకు పడిపోతాయి. క్వార్ట్‌జైట్ బండల మీద నీళ్లు నిలవవు, కాబట్టి ఆ కష్టాన్ని తట్టుకునే ఏర్పాటు ఈ చెట్టు వంశంలో ఎన్నడూ అవసరపడలేదు. అదే నీళ్లలో వరి సంగతి వేరు. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత వరి రకంలో ఉన్న సబ్1ఏ అనే జన్యువు, ముంపులో పొడవు సాగకుండా చక్కెర పొదుపు చేసుకోమని మొక్కకు చెబుతుంది. 2006లో ఆ జన్యువును గుర్తించారు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకంలోకి దాన్ని ఎక్కించి చేసిన స్వర్ణ సబ్1, రెండు వారాల ముంపునూ తట్టుకుంటుంది.

ఏడో నంబరు మాను

ఇంతవరకూ అంతా నేల గొప్పే అనిపిస్తుంది. ఏడో నంబరు మాను అక్కడే అడ్డుపడింది. మిగతావాటితో పాటే డ్రిప్, అదే యూరియా, పక్క మానుకు మూడు మీటర్ల దూరం. అయినా నాలుగు సెంటీమీటర్ల చేవ. మళ్లీ వెళ్లి చూస్తే, చుట్టూ చెట్లు పచ్చగా ఉంటే అది మాత్రం అప్పటికే మోడు. "ఇది ఎప్పుడూ అంతే సార్, సంక్రాంతికే రాల్చేస్తాది. ఏదో జబ్బనుకున్నాం" అన్నాడు కొడుకు. నీళ్లున్నా పొద్దు తగ్గడం, చలి చూసి ఆగిపోయే స్వభావం దానికి పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. ఎర్రచందనం పూలను తేనెటీగలు కలుపుతాయి, ఒక తల్లి చెట్టు గింజలే అయినా తండ్రులు చాలామంది. నర్సరీలో ఒకే లాటు అని మనం అనుకునేది నిజానికి ఒక ఊరి జనం లాంటిది.

గుట్ట వార చేవ లేని రెండింటిలో ఒకటి బండ కింద ఊట పక్కన ఉంది, మార్చి దాకా ఆకు ఉంటుందట. రెండోది అన్నిటితో పాటే ఆకు రాల్చింది, అయినా చేవ పట్టలేదు. అందుకే ఆకు రాలడమే చేవకు గుర్తు అని నేను ఎవరికీ చెప్పను.

నేల పనీ పుట్టుక పనీ విడదీసి చూడాలంటే దారి పాతదే. 1922లో స్వీడన్‌లో టురెసన్ అనే వృక్షశాస్త్రవేత్త, తర్వాత కాలిఫోర్నియాలో క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు చేసినట్టు, ఒకే మొక్క ముక్కలను వేర్వేరు చోట్ల, వేర్వేరు చోట్ల మొక్కలను ఒకే చోట పెంచి చూడాలి. ఆ ముగ్గురూ సముద్రతీరం నుంచి సియెరా నెవాడా కొండల దాకా తోటలు వేసి, ఎత్తు ప్రాంతపు మొక్క కిందికి తెచ్చినా తన లెక్క ప్రకారమే నిద్రపోతుందని చూపించారు. ఏడో నంబరును చూసినప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది.

ఇచ్చిన సలహా, చేసిన తప్పు

మొదట చెప్పింది, కొట్టొద్దని. ఒక దళారి అప్పటికే తెల్లచెక్క ధరకు అడుగుతున్నాడు. ఇంకొకాయన మానుకు ఇంజెక్షన్ ఇస్తే రెండేళ్లలో చేవ పట్టిస్తానన్నాడట. 1970లలో అమెరికాలో పైన్ చెట్లకు పారాక్వాట్ అనే కలుపు మందు ఎక్కించి చెక్కలో జిగురు ఊరించిన మాట నిజమే. కానీ అది గాయానికి చెట్టు పెట్టిన కేక, చేవ కాదు. పైగా పారాక్వాట్ మనిషి కడుపులోకి వెళ్తే విరుగుడు లేని విషం. "అన్నా, ఆ సూది మాత్రం తోటలోకి రానీయొద్దు" అని దణ్ణం పెట్టి చెప్పాను.

యూరియా ఆపించాను. పల్లంలో నీళ్లు పోయేలా కాలువ తీయించాను. డ్రిప్ దగ్గర నేను తప్పు చేశాను. మార్చి మొదటి తేదీ నుంచి పూర్తిగా ఆపేయమన్నాను. మే నెలలో కొడుకు వీడియో పంపాడు, ముప్పై మాన్ల తలలు ఎండిపోయాయి. పరుగున వెళ్లి ఒక మొదలు పక్కన తవ్వితే వేర్లన్నీ డ్రిప్ చుక్క పడే చోట, అడుగు లోతులోనే చాపలా అల్లుకుని ఉన్నాయి. గుట్ట వార వేరు బండ సందుల్లోంచి ఎంత లోతుకు దిగిందో మేం పట్టుకోలేకపోయాం. పదిహేనేళ్లు అరచేతిలో తిండి పెట్టిన చెట్టును ఒక్క రోజులో అడవికి తోలేశాను. వెంటనే పదిహేను రోజులకోసారి నీళ్లు పెట్టించాను, అయినా తొమ్మిది మాన్లు పోయాయి. ముందు ఒక్క మాను మొదలు తవ్వి చూసి ఉంటే ఇది జరిగేది కాదు. ఇప్పుడు ఏ తోటకు వెళ్లినా బోరర్ కంటే ముందు పార పట్టుకుంటున్నాను.

తర్వాత పద్ధతి మార్చాం. వానాకాలంలో డ్రిప్ జోలికే పోలేదు. మొదటి ఎండాకాలం పదిహేను రోజులకోసారి, చుక్క పడే చోటు మానుకు నాలుగడుగుల దూరం జరిపి, ఒకేసారి లోతుగా తడిపాం. రెండో ఎండాకాలం నెలకోసారి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం చుక్క కూడా వద్దని గట్టిగా చెప్పాను. 2024 జనవరి చివరికి చెరువు కింద మాన్లలో మూడో వంతు ఆకు రాల్చాయి. 2025 జనవరికి ముప్పాతిక వంతు.

2025 ఫిబ్రవరిలో, అసలు చేవ లేని ఏడు మాన్లలో బతికున్న ఆరింటికి మళ్లీ బోరర్ పెట్టాం, పాత రంధ్రానికి జానెడు పైన, పక్క వైపున. నాలుగింట్లో మార్పు లేదు, ఒకటే నలుపు. రెండింట్లో నడి బెండు చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు మేర అయోడిన్ పట్టలేదు. గంజి కరిగిపోయింది. ఆ రెండింటిలో ఒకదానికి సరిగ్గా మధ్యలో దారమంత సన్నటి ఎర్ర గీత ఉంది. పొట్టు గీరి స్పిరిట్‌లో వేస్తే లేత గులాబీ రంగు వచ్చింది. దాన్ని చేవ అని రాసుకోలేదు, "మూడో నంబరు, గులాబీ" అనే రాసుకున్నాను. రైతు ఆ గ్లాసును వాకిట్లోకి తీసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టుకుని భార్యను పిలిచాడు.

కూతురి పెళ్లి మామిడి కాపు మీద తెచ్చిన అప్పుతో జరిగిపోయింది. ఆ బరువు ఇంకా ఉంది. చేవ పట్టడానికి ఈ మాన్లకు ఇంకో పదేళ్లైనా కావాలని ఆయనకు సూటిగానే చెప్పాను.

2024 జులైలో ఏడో నంబరు మాను నుంచి, అసలు చేవ లేని ఐదో నంబరు నుంచి ఇరవైయేసి కొమ్మలు తెచ్చి మామూలు చందనం మొక్కల మీద చీలిక అంట్లు కట్టాం. నలభైలో ఇరవై ఆరు అతుక్కున్నాయి. వాటిలో సగం చెరువు కింద, సగం గుట్ట వార కలిపి పెట్టాం. ఏది ఎవరి కొమ్మో కొడుకు దగ్గరున్న నోటుబుక్కులో ఉంది. ఇప్పుడు అతను ప్రతి ఆదివారం ఆ మొక్కల ఆకులు లెక్కపెట్టి నాకు వాట్సాప్‌లో పంపుతున్నాడు. గత సంక్రాంతి ముందు వారం వచ్చిన మెసేజ్ ఇంతే: "సార్, చెరువు కింద ఏడో నంబరు అంట్లు మూడు రాల్చేసినాయి. ఐదోది ఒకటీ రాల్చలేదు."